రెండుసార్లు తడితే వదిలెయ్యాలి

కోడలు దుకాణం నుంచి ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు దగ్గర, నీలం సూట్‌కేసు నిలబెట్టి ఉంది. దాని మీద మడతపెట్టిన స్వెట్టరు, స్వెట్టరు మీద దగ్గుమందు సీసా. ఎవరు వెళ్ళిపోతున్నారు? అత్తగారేనా? పొద్దున టీలో చక్కెర తక్కువైందన్నప్పుడే అనుకుంది, ఇవాళ ఏదో ముంచుకొస్తుందని... కానీ ఆ స్వెట్టరు అత్తగారిది కాదు. తన భర్తది!

"లోపలికి రా తల్లీ," అన్నారు అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

తల్లీ! ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచీ "ఇదిగో", "నిన్నే" తప్ప ఇంకో పిలుపు ఎరగదామె.

"భయపడకు. వాణ్ణి పంపించేస్తున్నాను. ఈ ఇంట్లో నువ్వుంటావు, వాడుండడు. నా కడుపున పుట్టినవాడే కావచ్చు... కానీ నేనూ ఆడదాన్నే."

ఆ "వాడు" వంటింట్లో బల్ల ముందు, చల్లారిపోయిన టీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని అతనిది. పెట్టుకునేవాళ్ళ చెవి నొప్పి పుడుతుందేమోనని కళ్ళజోడు కాడని కూడా బతిమాలుతున్నట్టు వంచే మనిషి. స్నానాలగదిలో బొద్దింక కనిపిస్తే తలుపు దగ్గరగా వేసి, అది తన పని చూసుకుని వెళ్ళేదాకా తువ్వాలు భుజాన వేసుకుని బయట నిలబడతాడు.

"ఏమోయ్," అన్నాడతను భార్యని చూసి, నీరసంగా. "నేను నిన్ను కొట్టానా? నాకైతే గుర్తులేదు."

"విన్నావా? గుర్తులేదట," అన్నారు అత్తగారు. "వార్డులో ప్రతి మొగుడూ ఇదే మాట."

సంగతి కోడలికి అప్పుడర్థమైంది. పొద్దున పరదాలు తగిలిస్తుంటే జాకెట్టు చెయ్యి పైకి జారింది. అత్తగారు చూశారు. ఆవిడ ఉద్యోగమంతా పెద్దాసుపత్రిలో, దెబ్బలు తగిలినవాళ్ళ వార్డులో నర్సుగా గడిచింది. కోడలి చెయ్యి కిటికీ వెలుగులోకి లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, కమిలిన మచ్చని అటూ ఇటూ తిప్పి చూశారు. "తలుపు తగిలింది అత్తయ్యా," అంది కోడలు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడగకపోవడమే కొంప ముంచింది.

"తలుపులకి వేళ్ళుండవమ్మా," అన్నారిప్పుడు. "ఇవి నాలుగు వేళ్ళు. ఇది బొటనవేలు. పట్టుకున్నది ఎడం చెయ్యి. ఈ ఇంట్లో ఎడంచేతి వాటం ఎవరిదో నాకు తెలీదా? చిన్నప్పుడు చెంచా కుడిచేతికి మార్చలేక చచ్చాను కదా వీడితో."

అతను తన ఎడమచేతిని బల్ల కిందికి దించుకున్నాడు, అదే నేరం చేసినట్టు.

కోడలు నోరు తెరిచేలోపు గంట మోగింది. వచ్చినాయన అత్తగారి తమ్ముడు. ఒకప్పుడు కుర్చీలూ బల్లలూ అమ్మేవాడు. ఇప్పుడు చుట్టాల తగువులు తీరుస్తుంటాడు. అందుకే అందరూ ఆయన్ని జడ్జిగారంటారు. రాగానే ఇంట్లోకెల్లా పెద్ద కుర్చీ ఎంచుకుని, దాని కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో కదిలించి చూసి కూర్చున్నాడు.

"ముందు టీ, తర్వాత తీర్పు," అన్నాడు. "ఏరా, సిగ్గులేదూ?"

"మావయ్యా, నేను..."

"నువ్వు మాట్లాడకు. నేరస్థుడు చివర మాట్లాడాలి. పో, గుమ్మం దగ్గర నీ సూట్‌కేసు పక్కన నిలబడు."

టీ పెడుతూ కోడలు స్టవ్వు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళు ఎవరికీ తెలియకుండా దాచుకున్న ఒకే ఒక్క సంగతి... దాన్ని బయటపెడితే ఇక తనకి అది ఉండదు. బయటపెట్టకపోతే ఆ అమాయకుడు దగ్గుమందు సీసాతో వీధిన పడతాడు! ఏది వదులుకోవాలో ఆలోచించడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. పొయ్యి కట్టేసి ఇటు తిరిగింది.

"అత్తయ్యా, ఆయన కొట్టలేదు. నేను క్లబ్బుకి వెళ్తున్నాను. మంగళవారం, గురువారం దుకాణంలో పని ఎక్కువని చెప్పాను కదా... అది అబద్ధం. ఎవరైనా మీద పడితే తప్పించుకోవడం నేర్పుతారక్కడ. బస్సు డిపో వెనక హాల్లో. క్రావ్ మగా అంటారు. ఆ మచ్చ సాధనలో నా జోడీ చేతిది. ఉత్తరాలు పంచే ఆవిడ. ఆవిడదీ ఎడంచేతి వాటమే."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమన్నారు.

"చూశావురా తమ్ముడూ! వాణ్ణి కాపాడుకోవడానికి ఎంత పెద్ద అబద్ధమాడుతోందో... సాలెపురుగు దులపడానికి చీపురు పైకెత్తలేని పిల్ల, కుస్తీలు పడుతున్నానంటోంది!"

"పేరులోనే మగ ఉంది. ఆడవాళ్ళు నేర్చుకునేది కాదు అది," అని జడ్జిగారు తేల్చేశాడు. "అమ్మాయ్, నీ మంచితనం నాకు నచ్చింది. కానీ సాక్ష్యం నిలబడదు."

కోడలు నిజం చెప్పినకొద్దీ అత్తగారి ఏడుపు హెచ్చింది. కోచ్ బళ్ళో ఆటల మాస్టారమ్మ అని చెప్తే, "పాపం, ఎంత వివరంగా కల్పించిందో" అన్నారు. నేల మీద పరిచే పరుపులు పచ్చరంగువని చెప్తే కోడలి తల నిమిరారు. నిజం ఇంత పనికిమాలిన వస్తువని ఆమెకి ఆ సాయంత్రమే తెలిసింది.

చివరికి జడ్జిగారే లేచి నిలబడ్డాడు. "సరే, రుజువు చెయ్యి. నేను దొంగని. ఇదిగో, నీ చెయ్యి పట్టుకున్నా. ఏం చేస్తావు?"

"వద్దు బాబాయిగారూ."

"అదీ సంగతి. నేను ముందే చెప్పా..."

ఆ మాట పూర్తికాలేదు. ఏం జరిగిందో ముగ్గురికీ మూడు రకాలుగా గుర్తుంది. జడ్జిగారి బొటనవేలు వైపు నుంచి ఆమె మణికట్టు జారిపోయింది. ఆయన చెయ్యి ఆయన వీపు వైపు ప్రయాణం పెట్టుకుంది. ఆయన మాత్రం వంటింటి నేల మీద బోర్లా, గోధుమపిండి డబ్బాకి ఎదురుగా ఉన్నాడు. తల నేలకి తగలకుండా కోడలు తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆయన నొప్పికి ఖాళీ చేత్తో నేలని టపటపా కొట్టుకున్నాడు. ఆ క్షణమే ఆమె వదిలేసి దూరంగా జరిగి నిలబడింది.

అత్తగారు ఏడుపు ఆపి, వంగి తమ్ముడి కనుపాపలు చూశారు. "ఏం కాలేదు, లే," అన్నారు. అప్పుడు కోడలి వైపు తిరిగి, "ఎందుకు వదిలేశావు?" అని అడిగారు, పని సగంలో ఆపేసిన ఆయాని అడిగినట్టు.

"నేలనో, ఎదుటిమనిషినో రెండుసార్లు తడితే 'ఇక చాలు' అని. వెంటనే వదిలెయ్యాలి. ఎందుకు, ఏమిటి అని అడక్కూడదు. అది మా రూలు అత్తయ్యా."

"మంచి రూలు," అన్నాడు జడ్జిగారు నేల మీంచి.

సూట్‌కేసు పక్కన దగ్గుమందు సీసా పట్టుకుని నిలబడి ఇదంతా చూస్తున్న భర్త మొహం మొదటిసారి వికసించింది. "అమ్మా, ఇక నేను కుర్చీలో కూర్చోవచ్చా?"

అత్తగారు కోడల్నే చూస్తున్నారు. నర్సు చూపు అది, మచ్చ దాటి లోపలికి వెళ్ళే చూపు. "అసలు నీకిది ఎందుకు అవసరమొచ్చింది?"

ఇదే... ఈ ప్రశ్న కోసమే ఆమె ఇన్నాళ్ళూ భయపడింది. చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంది. తడి లేకపోయినా మళ్ళీ తుడుచుకుంది.

"చలికాలంలో, దుకాణం నుంచి వస్తుంటే... రోడ్డు కింద నుంచి నడిచే దారిలో ఒకడు నా సంచీ పట్టుకున్నాడు. చెయ్యి మెలిపెట్టాడు. అటూ ఇటూ మనుషులు వెళ్తూనే ఉన్నారు అత్తయ్యా. నేను అరవలేదు. అరవడం రాలేదు. వాడు సంచీ తీసుకుని వెళ్ళిపోయాక కూడా నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను."

బట్టలు సరిచేసే దుకాణంలో ఆమె పని. అంచులు మడిచి కుట్టడం, నడుములు బిగించడం, వదులు చెయ్యడం. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే మనిషికి నోరు మెదపకపోవడం అలవాటైపోతుంది. క్లబ్బులో చేరిన మొదటి రోజు కోచ్ నేర్పింది దెబ్బ కాదు, అరుపు. "వదలరా అని అరువు" అంటే ఈమె గొంతులోంచి "కాస్త వదలండి" అని వచ్చింది. దొంగకి గౌరవమిచ్చిన మొదటి మనిషివి నువ్వే అని హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది కానీ, ఇంటికొచ్చేటప్పుడు బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది.

"సంచీలో ఏముంది?" అన్నాడు జడ్జిగారు, కేసు మళ్ళీ చేతిలోకొచ్చినట్టు.

"ఒకాయన ప్యాంటు. ఒక కాలే మడిచాను, రెండోది అలాగే ఉంది. ఇంకా... నా అన్నం డబ్బా."

అత్తగారి మొహంలో రంగు మారింది. "ఏ డబ్బా? నువ్వు బస్సులో మర్చిపోయానన్న డబ్బా?"

కోడలు తల దించుకుంది.

అత్తగారు గబుక్కున ముందుకొచ్చి కోడలి మణికట్టు పట్టుకున్నారు. "ఇక చాలు. రేపట్నుంచి ఆ దుకాణమూ వద్దు, ఈ క్లబ్బూ వద్దు. పోతే పోనీ ఆ జీతం. ఇంట్లోనే ఉండు. బయటికెళ్తే నేను వెంట వస్తాను. నీకేదన్నా అయితే నేను... లేదు, నువ్వు కదలడానికి వీల్లేదు."

ఆ పట్టులో కోపం లేదు. భయం ఉంది. సూదిమందు చూసి పారిపోయే వస్తాదుల్ని మంచానికి అదిమిపెట్టిన చెయ్యి అది. విడిపించుకోవడం కోడలికి తెలుసు. బొటనవేలు ఎటుందో అటు తిప్పితే చాలు. కానీ అత్తయ్యని... ఆ పని చెయ్యడానికి ఆమెకి చెయ్యి రాలేదు. అప్పుడు, ఇన్నాళ్ళుగా కోచ్ ఎంత తిట్టినా రానిది, పొత్తికడుపులోంచి పైకి లేచింది.

"వదలండి అత్తయ్యా!"

షెల్ఫులో గాజుగ్లాసులు గణగణలాడాయి. పై అంతస్తులో ఎవరో కిటికీ తెరిచారు. భర్త చేతిలో దగ్గుమందు సీసా జారి స్వెట్టరు మీద పడింది.

"డబ్బా పోయిందంటే మీరేమన్నారో గుర్తుందా? ఆ మూత బిగుతు ఇప్పటి డబ్బాలకి రాదన్నారు. నాకు ఏదీ భద్రంగా ఉంచుకోవడం రాదన్నారు. వారం పాటు అదే మాట, గిన్నె తోమినప్పుడల్లా! నేనా రోజు నన్ను నేను భద్రంగా ఇంటికి తెచ్చుకున్నాను అత్తయ్యా... అది ఎవరికి చెప్పను? చెప్తే ఇదిగో, ఇలా పట్టుకుంటారని తెలుసు. ఇంట్లో కూర్చుంటే నా భయం పోదు. ఆ దారిలోనే మళ్ళీ నడవాలి నేను. మొన్న గురువారం నడిచాను. ఒక్కదాన్నే."

కన్నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. అత్తగారు ఆమె మొహం వైపు చాలాసేపు చూశారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళతో "తప్పయింది" అన్న దాఖలా లేదు. ఆ మాట పలకడానికి ఆవిడ నోరు ఎప్పుడూ తిరగలేదు, కోడలికి అరుపు రానట్టే.

ఆవిడ రెండో చెయ్యి మెల్లిగా పైకి లేచింది. కోడలి భుజం మీద రెండుసార్లు తట్టింది.

రూలు రూలే. ఎందుకు, ఏమిటి అని అడక్కూడదు. కోడలు నోటి చివరిదాకా వచ్చిన మిగతా మాటలన్నీ అక్కడే వదిలేసింది. అత్తగారి వేళ్ళు మణికట్టు మీంచి ఒక్కొక్కటే విడిపోయాయి. అవి పట్టుకున్నచోట ఎర్రగా చారలు తేలాయి. ఆవిడ వాటిని చూసి, వెళ్ళి మందు డబ్బా తెచ్చి, కోడల్ని కూర్చోబెట్టి, చిన్నపిల్లకి రాసినట్టు ఊదుతూ రాశారు.

"తీర్పు ఏమిటంటే," అని మొదలుపెట్టాడు జడ్జిగారు.

"నువ్వు టీ తాగు," అన్నారు అత్తగారు.

తర్వాతి గురువారం బస్సు డిపో వెనక హాల్లో కొత్త మనిషి ప్రత్యక్షమైంది. మోకాళ్ళ నొప్పులని బెంచీ మీద కూర్చుంది కానీ, ఒళ్ళో మందు డబ్బా తెరిచే ఉంచుకుంది. ఉత్తరాలు పంచే ఆవిడ చెయ్యి అడిగి తీసుకుని, బొటనవేలు కొలిచినట్టు చూసి, "నువ్వేనా?" అంది. "నా కొడుకు సంసారం కూలగొట్టబోయావు కదే." కాసేపట్లో కోచ్‌కి ఆవిడ పట్టు సంగతి తెలిసిపోయింది. అప్పట్నుంచి ఆ క్లబ్బులో ఎవరైనా బాగా నేర్చుకున్నామని గర్వపడితే, కోచ్ వాళ్ళని బెంచీ దగ్గరికి పంపుతుంది. "ముందు నర్సమ్మ చేతిలోంచి తప్పించుకుని రా, అప్పుడు మాట్లాడదాం." ఇప్పటిదాకా తప్పించుకున్నది ఒక్క కోడలే. అదీ అత్తగారు సడలించారని హాలంతా చెప్పుకుంటారు. అత్తగారు మాత్రం ఒప్పుకోరు. "నా కోడలికి నేనెందుకు సడలిస్తాను? పుట్టింటి నుంచి తెచ్చుకున్న బలం అది," అంటారు.

ఇవన్నీ సర్దుకున్నాయి కానీ, నీలం సూట్‌కేసు ఇంకా గుమ్మం పక్కనే ఉంది. దాన్ని విప్పమని చెప్పినవాళ్ళు లేరు. చెప్పకుండా విప్పే ధైర్యం ఆ భర్తకి లేదు. రోజూ పొద్దున అందులోంచి ఒక చొక్కా తీసుకుని, మళ్ళీ మూత వేసి దుకాణానికి వెళ్తున్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారే దాన్ని హాల్లోకి ఈడ్చుకొచ్చి తెరిచారు. కోడలు వచ్చి పక్కన కూర్చుంది. చొక్కాలు పోగా లోపల రెండు ఉన్ని మేజోళ్ళ జతలు, అతనికి నిద్రపట్టే పాత దిండు, కడుపునొప్పి మాత్రలు, గడ్డం గీసుకునే సామాను, ఒక మూలన చెంచా. ఎడమచేత్తో తిని తిని ఒకవైపు అరిగిపోయిన చిన్నప్పటి చెంచా! ఇంట్లోంచి గెంటేస్తూ కూడా ఆవిడ దాన్ని మర్చిపోలేదు. కోడలు దాన్ని తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

అతను పేపరు చదువుతూ కూర్చున్నాడు. అత్తగారు చెంచా పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. కిటికీ వైపు చూశారు. తర్వాత కొడుకు భుజం మీద రెండుసార్లు తట్టారు.

అతను ఉలిక్కిపడి తల ఎత్తాడు. ముందు తన రెండు చేతులూ చూసుకున్నాడు, తర్వాత తల్లిని చూశాడు.

"నేనేమీ పట్టుకోలేదు కదమ్మా?"

"పట్టుకునే ఉంటావు," అన్నారావిడ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "వదిలెయ్, నాన్నా."