కాటా గదిలో జనవరి ఒకటి

పొన్నూరు రోడ్డులోని ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీ కాటా గదికి చెడ్డపేరుంది. పొద్దువాలితే ఎవరూ ఆ గుమ్మం తొక్కరు. లారీ డ్రైవర్లు తూకం చీటీ కిటికీలోంచే లాక్కుని పోతారు. హమాలీ బుల్లయ్య మిర్చి టిక్కీ బస్తాల కింద నలిగి చచ్చిపోయింది ఆ గది పక్కనే మరి.

ఆ గదిలో కంప్యూటర్... ఎన్నిసార్లు టైం సరిచేసినా, ఆపి మళ్లీ వేస్తే జనవరి ఒకటే చూపిస్తుందట. అర్ధరాత్రి పన్నెండు! బుల్లయ్య పోయిన రోజూ గంటా అవేనని మేనేజర్ త్యాగరాజు ఊరంతా చెప్పి, మానిటర్‌కి నిమ్మకాయ కట్టించాడు. అక్కడితో ఊరుకున్నాడా? చీటీల మీద తేదీ తప్పు పడి రైతులు గొడవకొస్తుంటే, అక్కడ పనిచేసే బుల్లయ్య కూతురు కోటేశ్వరిని పిలిచాడు.

"మీ నాన్నేనమ్మా చేస్తోంది. నువ్వుంటే వదలడు. సోమవారం నుంచి రావద్దు."

కోటేశ్వరికి ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ మూటలు మోయించుకున్నారు, చచ్చాక నింద కూడా మోయమంటారా?

బజార్లో కంప్యూటర్లు బాగుచేసే జాన్ బాషా ఆ గదిలోకి రానన్నాడు గానీ, ఏం చెయ్యాలో చెప్పి, కొత్త బ్యాటరీ సెల్లొకటి చేతిలో పెట్టాడు.

చీకటి పడేవేళ ఒక్కతే లోపలికెళ్లింది. వెనక తలుపు ధడాలున మూసుకుంది... గాలికే. కంప్యూటర్ పెట్టె స్క్రూలు విప్పింది. చల్లగా ఏదో వేలికి తగిలింది—

రూపాయి బిళ్లంత సెల్లు. చిలుము పట్టి చచ్చిపోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. దెయ్యం భయంతో రోజూ ప్లగ్గు కూడా పీకేస్తుంటే యంత్రానికి టైం ఎలా గుర్తుంటుంది? ఏమీ గుర్తులేక, తయారైనప్పుడు పెట్టిన మొదటి తేదీకి పోతోంది.

కొత్త సెల్లు వేసి, టైం సరిచేసి, ప్లగ్గు పీకింది. పది నిమిషాలు చీకట్లో కూర్చుని మళ్లీ వేసింది.

ఆరూ యాభై రెండు. ఇవాళ్టి తేదీ.

తలుపు తీస్తే గుమ్మం బయట, ఏమవుతుందోనని చేరిన హమాలీలు, వాళ్ల వెనక త్యాగరాజు.

"పోన్లేమ్మా, బాగుపడిందిగా..." అని నసిగాడు.

"బాగుపడిందండీ. ఒక్కటే అడుగుతాను. మా అమ్మ డిసెంబరు ముప్ఫయ్యొకటో తారీఖు సాయంత్రమే శవం మీద పడి ఏడ్చింది. డ్యూటీలో పోయాడని ఒప్పుకుంటే పరిహారం ఇవ్వాలని, అర్ధరాత్రి తాగొచ్చి పడ్డాడని కాగితాల్లో రాసింది మీరు. నిజంగా మా నాన్న దెయ్యమే అయితే... తను చచ్చిన గంట చూపించాలి గానీ, మీరు రాసిన గంట చూపిస్తాడా?"

ఇన్నేళ్లూ నోరు విప్పని హమాలీ మేస్త్రీ అంకమ్మరావు తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నాలుగున్నరకండి," అన్నాడు. "నేనే మోసుకెళ్లాను."