అత్త గొంతులోని కండ

అది తొంభై అయిదో సంవత్సరం. కొత్వాల్‌గూడలో ఆ పొద్దున శివమ్మ కొట్టం ఊడ్చి వచ్చి, రొట్టెలు చేసి భర్త ఈశ్వరయ్యకూ, అత్త రుక్కమ్మకూ పెట్టింది. ఏడాదిగా అత్త కంచం వేరు. ఆమె తిన్నది సగం గొంతులోనే నిలిచి, జిగటగా బయటికొచ్చేది. దగ్గరికెళితే పులిసిన గంజి వాసన. దిండు మీద ఎండిన సొల్లు మరకలు చూస్తే శివమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. శంషాబాద్ డాక్టరూ, పట్నం దవాఖానలో గొట్టం వేసి చూసినవాళ్లూ ఏమీ లేదన్నారు.

"ఏం లేదన్నంక ఈ కక్కుడేంది? కావాలనే చేస్తున్నది," అంది శివమ్మ.

"ఊకో జర," అన్నాడు ఈశ్వరయ్య తలెత్తకుండా.

అంతలో రుక్కమ్మకు దగ్గు తెర వచ్చింది. దగ్గీ దగ్గీ మెడ వంచేసరికి నోట్లోంచి బొటనవేలంత లావు ఎర్రని కండ జారి, రెండో నాలుకలా గడ్డం మీద వేలాడింది. సొల్లు కారుతున్న ఆ కండను ఆమె వేళ్లతో లోపలికి తోసి, కళ్లు మూసుకుని మింగింది.

ఈశ్వరయ్య లేచి బయటికి పోయాడు. శివమ్మ గోడ పట్టుకుని వాంతి చేసుకుంది.

"ఎన్నొద్దుల సంది గిది?" అని అడిగింది అత్తను.

"పోయిన బతుకమ్మ కాడికెల్లి."

"డాక్టరుకు చెప్పకపోతివేంది?"

"ఇప్పుడు నీ మొకం ఎట్లున్నదో నీకు తెల్వదు బిడ్డా. అందరి మొకం గట్లనే అయితదని చెప్పలె."



మర్నాడు ముగ్గురూ బస్సెక్కి పట్నంలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఏం జరిగిందని ఆయన అడిగితే ఈశ్వరయ్య నేలకేసి చూశాడు. శివమ్మే వికారం దిగమింగుకుంటూ చూసిందంతా చెప్పింది. ఆయన తెల్లమందు తాగించి ఎక్స్‌రే తీయించాడు. మళ్లీ గొట్టం వేసి, ఈసారి గొంతు మొదలు నుంచీ నిదానంగా చూశాడు.

"చాలా అరుదైన గడ్డ. అన్నవాహిక పైన కాడలా పుట్టి లోపలికి వేలాడుతోంది. దాని పైపొర అన్నవాహిక గోడలాగే నున్నగా ఉంటుంది, అందుకే ముందు దొరకలేదు. క్యాన్సర్‌లా లేదు, తీశాక పరీక్షిస్తాం. అయితే పైకొచ్చినప్పుడు శ్వాసకు అడ్డం పడుంటే అక్కడికక్కడే ప్రాణం పోయేదమ్మా."

మెడ పక్కన కోసి తీశారు. క్యాన్సర్ కాదని తేలింది.

ఆపరేషన్ తర్వాత వార్డులో రుక్కమ్మ నోట్లోకి నెత్తురు కలిసిన కఫం వచ్చింది. కోడలిని చూసి ఆమె పెదాలు బిగించి మింగబోయింది. ఏడాదిగా తన ముఖంలోని రోత చూసే ఈమె అన్నీ మింగుతోందని శివమ్మకు అప్పుడు అర్థమైంది. నర్సు ఇచ్చిన గిన్నె తీసి అత్త గడ్డం కింద పెట్టింది.

"నీకు రోత పుడ్తది బిడ్డా," అంది రుక్కమ్మ పీలగొంతుతో.

"పుడ్తది అత్తా. పుట్టనీ. నువ్వు ఉమ్మెయ్."

రుక్కమ్మ ఉమ్మింది. శివమ్మ ఊపిరి బిగబట్టింది. ముఖం మాత్రం పక్కకు తిప్పుకోలేదు. కొంగుతో అత్త మూతి తుడిచింది.