నాలుగు వందల కాలిన పుల్లలు

తమిళనాట విరుదునగర్‌లో ఒక రాజ్యసభ సభ్యుడి ఆఫీసుకు లారీ పార్సిల్లో గోనెసంచి వచ్చిన రోజున అందరికంటే ముందు బయటికి పరుగెత్తింది కాపలా కానిస్టేబులే. సంచి విప్పగానే పేలుడు మందు వాసన గుప్పుమంది మరి. ఉత్తరాలు విప్పే ఉద్యోగం కాబట్టి ముత్తురామన్‌కు పారిపోయే హక్కు లేదు. వంగి చూశాడు. నాలుగు వందల అగ్గిపెట్టెలు. ఒక్కోదాంట్లో కాలిన పుల్ల ఒకటి, చుట్టిపెట్టిన చీటీ ఒకటి.

'యుద్ధం చాలు. మాటలకు కూర్చోమని సభలో అడగండి' అని చీటీలన్నిట్లో తమిళంలో రాసి ఉంది.

మర్నాడు పంపినావిడను పిలిపించారు. పేరు సింధుజ. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కంపెనీలో లేబుళ్ళ సెక్షన్ సూపర్‌వైజర్. బస్సు దిగేసరికి ఎండకంటే ఆమే వేడిగా ఉంది.

"ఏంటిది? సారుకు నిప్పు పెడతారా?" అని ముత్తురామన్ తమిళంలో గద్దించాడు.

"కాలిన పుల్లతో ఎవరికి నిప్పు పెట్టగలం సార్?" ఆమెదీ తమిళమే. ఆ తర్వాత మాత్రం గోడవైపు తిరిగి ఇంటి భాషలో గొణిగింది. "ఈ దున్నపోతుకి యాడ అర్తమయ్యేది!"

"దున్నపోతుకి తెలుగొచ్చు," అన్నాడు ముత్తురామన్. "మాది అరుప్పుకోట. తెలుగు నేతోళ్ళం. ఇంట్లో నాలుగు మగ్గాలుండాయి."

సింధుజ నాలుక కరుచుకుంది. నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే కళ్ళు నిండిపోయాయి.

"మా అన్న సీనివాసన్ బార్డర్లో ఉండాడు సార్. తొమ్మిది దినాలాయె, ఫోను ఆఫ్. ఉత్తరాలు రాస్తే చించి పారేస్తారంటే, అగ్గిపెట్టి ఎవురూ పారెయ్యరు కదా అని పంపితిమి. మా ఊళ్ళో అది బియ్యం మాదిరి. దాన్ని చూసి బయపడతారని మాకెట్ట తెలుస్తాది?"

'ఇది బెదిరింపు కాదు, విన్నపం' అని ముత్తురామన్ రిపోర్టు రాసి పంపాడు. అక్కడితో ఊరుకోవలసింది. ఆ తడికళ్ళను చూసి ఊరుకోలేకపోయాడు.

"సోమారం నించి సబ. అయిదే దినాలు. సారు చేత సదివించేది నా బాద్యత."

ఆ సాయంత్రం నుంచి సింధుజ ఫోన్లు మొదలయ్యాయి.

"సదివినారా?"

"టేబుల్ మీద పెట్టినాను."

"రేపన్నా సదువుతారా?"

"సదువుతారు. మీరు తింటిరా?"

"ముందు సారు సదవనీండి. నా తిండి సంగతి దున్నపోతుకెందుకి?"

ఆ తిట్టు వినడానికే ముత్తురామన్ రోజంతా బతికేవాడు. నిజం చెప్పాలంటే, మొదటి రోజే, ఇంకా ఢిల్లీ బయలుదేరకముందే సారు పెట్టె తెరిచాడు, చీటీ తీసి పక్కకు నెట్టాడు, కాలిన పుల్లతో తీరిగ్గా చెవి గీక్కున్నాడు. సింధుజకు ఆ సంగతి చెబితే ఫోన్లు ఆగిపోతాయి. అందుకే చెప్పలేదు. అంత చిన్న స్వార్థం.

సభ చివరి రోజున ముత్తురామన్ ఆఫీసు టీవీ ముందు ఫోన్ పెట్టి వినిపిస్తుంటే, అక్కడ కంపెనీ ఆడవాళ్ళందరూ ఒకే సెల్‌ఫోన్ చుట్టూ మూగారు. టీవీలో సారు లేచి నిలబడ్డాడు. ఫోన్లో సింధుజ ఊపిరి బిగబట్టడం ఇక్కడ ముత్తురామన్‌కు వినబడింది. తమ ఊరి స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ రైలు ఆగాలని కోరి సారు కూర్చున్నాడు. సభ ముగిసింది.

ముత్తురామన్ సారు టేబుల్ మీద రాజీనామా పెట్టి, గోనెసంచి భుజానికెత్తుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాడు. దిగేసరికి వాన. నల్లరేగడి చెప్పులకు అంటుకుని అడుగు పడనివ్వలేదు. పంచలో సింధుజ అవ్వ బొమ్మక్క వత్తులు చేసుకుంటోంది.

"ఎవురు నాయినా? మా పిల్లోడి సేతి, ఏదన్నా కబురు తెచ్చినావా?"

"లేదవ్వా." సింధుజ బయటికి రాగానే ఉన్నదంతా చెప్పేశాడు. చెవి సంగతి కూడా.

"మొదటి దినమే తెలుసునా నీకు?"

"తెలుసు."

"తెలిసీ దినమూ సదువుతారు, సదువుతారు అంటివే! ముందే చెప్పుంటే ఇంకో నలుగురు ఎంపీల వాకిట్లో కూర్చోనుంటిమే! అయిదు దినాలు పాడుచేస్తివి కదరా!"

"నువ్వు మళ్ళా ఫోన్ చెయ్యవని బయపడితిని సింధుజా. నువ్వంటే నాకి పానం." సినిమాల్లో ఈ మాటకు వానలో పాట వస్తుంది. ఇక్కడ తడిసిన సంచి నుంచి నీళ్ళు కారాయి.

సింధుజ సంచిని లోపలికి లాగింది. తడిసిన పెట్టెలను ఒక్కొక్కటిగా విప్పి చీటీలు ఆరబెట్టసాగింది. తల ఎత్తకుండానే అంది. "అట్ల నిలబడితే ఆరతాయా? కూర్చో. మళ్ళా సబ ఎప్పుడు?"

"మూడు నెలలకి."

"అంతదాకా మా అన్న ఉంటాడా?"

ముత్తురామన్ ఈసారి అబద్ధం చెప్పలేదు. "తెలీదు."

గోడ గడియారం ఆరు కొట్టింది. రోజూ ఆ వేళకు చేసినట్టే సింధుజ అన్న నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. బొమ్మక్క వత్తి పక్కన పెట్టి చెవి దగ్గరికి తెచ్చింది. స్విచాఫ్ అని హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పిందొక ఆడగొంతు.

"ఏమంటాడే?" అంది అవ్వ.

సింధుజ పక్కకు చెయ్యి చాచింది. అగ్గిపుల్లల మందు వాసన వేసే ఆ చేతిని ముత్తురామన్ పట్టుకున్నాడు. ఫోన్ కట్టయింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండో చేత్తో అదే నంబరు మళ్ళీ నొక్కింది.