మెహిటబెల్‌కు ఆరడుగుల నేల

...బూట్లు కాదు, తడిసిన గౌను కాదు, ఇంకేదో తప్పుగా ఉందని కానిస్టేబుల్ ఎల్కానా వెదర్బీకి పొద్దుటినుంచీ అనిపిస్తోంది. తప్పు వెతకడం తనకు అలవాటా, ఆకలా? నాలుగేళ్ళ క్రితం కూడా ఇలాగే వెతికాడు. నిజం దొరికింది. తనంతట తాను ప్రాణం తీసుకున్న ఒక రైతును చట్టప్రకారం, శ్మశానంలో చోటివ్వకుండా నడిదారిలో పాతి, బండెడు రాళ్ళు పోశారు. ఎల్కానా ఇప్పటికీ ఆ దారిన పోడు.

సోమవారం ఉదయం ఎనిమిది. మసాచుసెట్స్‌లో మార్చి చలి. జేబెజ్ హార్వుడ్ ఇంట్లో బల్లమీద అతని భార్య మెహిటబెల్ శవం. నిన్న తెల్లవారుజామున చెరువులో దొరికింది. గట్టున దొరికిన బాల్చీ ఇప్పుడు గుమ్మం పక్కన ఉంది.

పొరుగింటి పేషన్స్ పెన్నిమన్‌ను ఎల్కానా అడిగాడు.

"ఆఖరిసారి ఎప్పుడు చూశావమ్మా?"

"శనివారం. పొద్దుగూకి డప్పు కొట్టారే, ఆ తర్వాత."

"చేతిలో బాల్చీ ఉందా?"

"మసక చీకటి కానిస్టేబుల్ గారూ. మీకున్నట్టు నాకు కళ్ళజోడుందా ఏం?"

"పలకరించావా?"

"పిలిచాను. పలకలేదు. పసివాడు పోయినప్పట్నుంచీ పిలిస్తే పలికిందెప్పుడులెండి."

ఆమెను పంపేసి తలుపు మూశాడు. గదిలో తనూ జేబెజూ ఇద్దరే మిగిలారు.

"నీళ్ళకెళ్ళి జారిపడిందన్నావు."

"అవునండీ."

"ఇంట్లో నీళ్ళ బాల్చీలెన్ని?"

"రెండు."

రెండూ పొయ్యి పక్కనే ఉన్నాయి. నిండుగా.

ఎల్కానా గుమ్మం పక్కనున్న బాల్చీ ఎత్తి వెలుతురుకు పట్టాడు.

"ఇది దూడకు కుడితి పెట్టేది. లోపల తవుడు ఎండి అట్టకట్టింది. తడే తగల్లేదు. చావుకు కారణం తేల్చడానికొచ్చిన పన్నెండుమంది జ్యూరీ బయట ఉన్నారు, ఒక్కడూ ఈ బాల్చీలోకి తొంగిచూడలేదు. శనివారం డప్పు మోగాక ఈ ఊళ్ళో ఎవరైనా నీళ్ళు తోడతారా జేబెజ్? ఏ పనీ చేయకూడని దేవుడి రోజు మొదలైపోయె. మెహిటబెల్ ముందే తోడిపెట్టేసింది. గట్టున ఇది నువ్వు పెట్టావు."

జేబెజ్ బాల్చీ అందుకుని కింద పెట్టాడు.

"తెల్లారేదాకా వెతికానండీ. కనబడగానే నడిదారిలో ఆ రైతు మీద పోసిన రాళ్ళు గుర్తొచ్చాయి. పరుగెత్తుకొచ్చి చేతికందింది పట్టుకెళ్ళాను."

"ఎందుకు?"

"మావాడు ప్రార్థన చేసుకునే మీటింగ్ హౌస్ పక్క శ్మశానంలో ఒక్కడే ఉన్నాడు. ఐదు వారాలవాడు. పక్కన వాళ్ళమ్మ ఉంటుందని. ఆదివారం నాకు ఇబ్బంది కాకూడదని నీళ్ళు నింపింది. చిక్కుళ్ళు వండి మూతపెట్టింది. చొక్కాకి గుండీ కుట్టింది. ఇంత ఆలోచించిన మనిషి ఎలా వెళ్ళిందండీ? నేను పక్కనే ఉన్నాను కదా. ఎదురుగా కూర్చుని బూట్లకి గ్రీజు రాసుకుంటున్నాను."

ఎదుటి మనిషి మునిగిపోతుంటే తానూ ఏదో పనిలోనే ఉంటాడని ఎల్కానాకు తెలుసు.

బయటనుంచి జ్యూరీ పెద్ద కేకేశాడు. "ఏం రాయమంటావు ఎల్కానా? మా కాళ్ళు గడ్డకట్టేలా ఉన్నాయి. నీ మాటమీదే సంతకాలు పెడతాం, త్వరగా కానివ్వు."

కాగితం బల్ల చివర, ఆమె పాదాల దగ్గర ఉంది. మరణ కారణం రాయాల్సిన చోట ఖాళీ. పొద్దున నిజమే రాస్తానని ప్రమాణానికి ఎత్తిన చేయి ఇదే. అబద్ధానికి దేవుడి దగ్గర ఏ శిక్షో అతనికి బాగా తెలుసు.

కలం సిరాలో ముంచాడు.

"కాలు జారి" అని రాసి, కింద తన పేరు పెట్టాడు.