పదకొండు నిమిషాలు

అర్పి గుర్రాన్ని దూకించి చేతులు కట్టుకుని కూర్చుంది. గడియారం మీట మాత్రం నొక్కలేదు. మీట నొక్కితే కదా ఆమె సమయం ఆగేది!

ఎదురుగా ఉన్న శుషాన్ అది చూసింది. చూసి కూడా, తెగ ఆలోచిస్తున్నట్టు బోర్డు మీదికి వంగింది.

అర్పి అంటే శుషాన్‌కు ఒళ్లు మంట. అర్పి నిన్నగాక మొన్న ఆర్మేనియాలోని ఈ గ్యుమ్రీ ఊరి బడిలో చేరింది. చదరంగం క్లాసులో మొదటి బల్ల ఎప్పుడూ శుషాన్‌దే. ఇప్పుడు అక్కడ అర్పి! హ్రాంత్ సార్ మంచి ఎత్తుకు ఇచ్చే ఎండు ఆప్రికాట్లన్నీ అర్పికే. వీళ్లిద్దరూ ఆడే ఈ రెండు ఆటల్లో నెగ్గినవాళ్లు రాజధాని యెరెవాన్‌లో పోటీకి వెళ్తారు. అదీ అర్పికేనా అనుకుంది శుషాన్.

పదకొండు నిమిషాలకు అర్పి సమయం అయిపోయింది. శుషాన్ గెలిచింది.

"అయ్యో, నొక్కనే లేదా! నా బుర్రలో మట్టి ఉంది," అని అర్పి నెత్తి కొట్టుకుంది.

ఆట అయ్యాక ఇద్దరూ కలిసి దాన్ని మళ్లీ ఆడి చూసుకోవాలి. అది సార్ పెట్టిన పద్ధతి. అర్పి గుర్రాన్ని అదే గడిలో పెట్టి, ముద్దుగా 'జాన్' అని పిలిచింది.

"శుషాన్ జాన్, ఇక్కడ అంతసేపు ఆలోచించావు కదా. ఏం కనిపెట్టావే? నాకూ చెప్పవా?"

శుషాన్ బోర్డును చూస్తేగా చెప్పడానికి!

"ఏదో... గుర్తు లేదు," అంది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

రెండో ఆటలో అర్పి మంత్రిని జరిపి మళ్లీ మీట మరిచిపోయింది. నోరు మూసుకుంటే చాలు, యెరెవాన్ బస్సు ఎక్కేయొచ్చు. శుషాన్ పెదవి కొరుక్కుంది. తర్వాత వేలితో గడియారం చూపించింది.

అర్పి టక్కున నొక్కింది. శుషాన్ ఈసారి నిజంగానే తల బద్దలు కొట్టుకుంది. అయినా ఓడిపోయింది. చెరో ఆట అయింది కాబట్టి, మూడోది రేపు ఆడాలన్నారు సార్.

పావులు సర్దుతూ శుషాన్ తలెత్తకుండానే చెప్పింది.

"మొదటి ఆటలో నేనేం ఆలోచించలేదే. నువ్వు నొక్కలేదని తెలుసు. నీ టైం అయిపోవాలని చూస్తూ కూర్చున్నా."

అర్పి మొహం చిన్నబోయింది. తర్వాత మొదటి ఆట పావులన్నీ పేర్చి, గుర్రాన్ని ఆ గడిలోనే పెట్టింది.

"అయితే ఇప్పుడు ఆలోచించు. పదకొండు నిమిషాలు. నేను కదలను."

శుషాన్ గడియారాన్ని పక్కకు జరిపి, బోర్డు మీదికి వంగింది.