తప్పించుకునే రౌండ్

బూట్ల చప్పుడు.

వెనక... దగ్గరగా... ఇంకా దగ్గరగా!

నందిత ముళ్ళకంప కిందికి దూరుతుంది. నేలకు అతుక్కుపోతుంది. మొహం మట్టిలో. ఊపిరి బిగబట్టి.

టార్చ్ వెలుగు వీపు మీదుగా పోతుంది. ఆగుతుంది. మళ్ళీ వెనక్కొస్తుంది!

ఇద్దరు. నల్ల బట్టలు, మొహాలకు నల్ల రంగు. ఒకడు బీడీ వెలిగించుకుంటాడు. రెండోవాడు తమిళంలో విసుక్కుంటాడు. మిగిలింది ఏడో నంబర్ ఒక్కతేనట. అది దొరికితే పోయి పడుకోవచ్చట.

ఏడో నంబర్ నందితే.

మే నెల, 2007. తీర్థమలై అవతలి కొండల్లో ఒక తమిళ టీవీ చానల్ క్యాంపు వేసింది. మామూలు మనుషులను తెచ్చి కమాండో సెలక్షన్ ట్రైనింగ్ ఇవ్వడం, వాళ్ళు పడే అవస్థంతా కెమెరాలో పట్టి రోజూ టీవీలో చూపించడం. అదీ ప్రోగ్రామ్. ఇరవై మందితో మొదలైంది. పదిహేడు రోజులు గడిచేసరికి ఐదుగురు మిగిలారు.

ఈ రాత్రి ఆఖరి రౌండ్. తప్పించుకునే రౌండ్. అర్ధరాత్రి ఐదుగురినీ కొండమీద వదిలేశారు. వేటగాళ్ళు వెంటపడతారు. పొద్దు పొడిచేదాకా దొరక్కుండా ఉంటే గెలిచినట్టు.

ఆట.

గంట కిందటి దాకా ఆటే.

గంట కిందట నందిత దాక్కోవడానికి చోటు వెతుక్కుంటూ ఒక పాత మోటార్ షెడ్డులోకి దూరింది. చీకట్లో కాలికి ఏదో తగిలింది. తార్పాలిన్. దాని కింద మెత్తగా... కాదు, గట్టిగా!

తడిమింది. బూటు. ఊడిన అట్టకు గోనెతాడు చుట్టి కట్టిన బూటు.

ఆ ముడి వేసింది తనే. మొన్న పొద్దున.

జయరామ.

మొరప్పూర్ పక్క పల్లెలో పాల సొసైటీలో పాలు కొలిచే మనిషి. నలభై ఏళ్ళు. అందరికన్నా పెద్దవాడు, అందరికన్నా నెమ్మదైనవాడు. నిన్న సాయంత్రం డైరెక్టర్ ముఖేశ్ అందరినీ వరసగా నిలబెట్టి ఒక మాట చెప్పాడు. జయరామ ఇక తనవల్ల కాదని ఒప్పుకున్నాడట. వీళ్ళే మొరప్పూర్ స్టేషన్‌లో దింపి వచ్చారట.

స్టేషన్‌లో దింపిన మనిషి ఇక్కడ... చల్లబడి... బిగుసుకుపోయి!

అప్పుడే తలుపు తెరుచుకుంది.

టార్చ్ సూటిగా ఆమె మొహం మీద పడింది. దాని వెనక కెప్టెన్ సదాశివం. మిలిటరీలో రిటైరైన మనిషి. క్యాంపులో అందరికీ ట్రైనింగ్ ఇచ్చేది ఆయనే. ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టేదీ ఆయనే.

ఆయన అరవలేదు. ఆమెను పట్టుకోలేదు. చూశాడు... చాలాసేపు చూశాడు. ఆమె చూసిందేమిటో కూడా చూశాడు.

నందిత వెనక కిటికీలోంచి దూకింది. అప్పటినుంచి పరుగే.

బీడీ ఆరిపోతుంది. ఇద్దరూ నడుచుకుంటూ దిగువకు పోతారు.

నందిత లేవాలి. లేవలేకపోతోంది.

పదిహేడు రోజులుగా రోజుకు మూడు గంటల నిద్ర. పాదాల్లో బొబ్బలు పగిలి సాక్సులు చర్మానికి అంటుకుపోయాయి. ఈ కంప కిందే కళ్ళు మూసుకుంటే చాలు, వాళ్ళొచ్చి పట్టుకున్నా చాలు అనిపిస్తుంది. చచ్చిపోయినంత నిద్ర.

ఆ మాట తట్టగానే లేస్తుంది.

ఫోన్ లేదు. మొదటిరోజే అందరివీ లాక్కున్నారు. ఎవరికి చెప్పాలి? జయరామ ఏడని అడిగే మనిషి లోకంలో ఒక్కతే ఉంటుంది. అతని భార్య. రోజూ ఆమె గురించి చెప్పేవాడు. పేరు మారమ్మ.

మొరప్పూర్ పోవాలి. తెల్లారేలోగా. ఆలోగా వీళ్ళు శవాన్ని ఏం చేస్తారో!

దిగుతుంది. జారుతుంది. పడుతుంది. మళ్ళీ లేస్తుంది.

*

తారు రోడ్డు. నాలుగున్నర.

హెడ్‌లైట్లు!

గట్టు వెనక్కి నక్కి చూస్తుంది. జీపు కాదు. పాల వ్యాన్. రోడ్డు మధ్యకు వచ్చి రెండు చేతులూ ఎత్తి నిలబడుతుంది. బ్రేకులు కీచుమంటాయి.

డ్రైవర్ పేరు వడివేలు. మొరప్పూర్‌కే పోతున్నాడు. ఆమెను చూడగానే అతని మొహం వెలిగిపోతుంది. టీవీలో రోజూ చూస్తాడట. అతని భార్యకు ఏడో నంబరంటే ప్రాణమట.

నందిత అంతా చెబుతుంది. షెడ్డు. తార్పాలిన్. జయరామ. చచ్చిపోయాడు, నిజంగా చచ్చిపోయాడు అని తమిళంలో నాలుగుసార్లు చెబుతుంది.

వడివేలు కళ్ళు పెద్దవి చేసుకుని వింటాడు. విని నవ్వుతాడు. యాక్టింగ్ భలే చేస్తున్నావమ్మా అంటాడు. కెమెరా ఎక్కడ పెట్టారని వ్యాన్ పైకప్పు వైపు చూస్తాడు.

ఆమెకు ఏడవడానికి కూడా ఓపిక లేదు.

పది కిలోమీటర్లు గడుస్తాయి. వ్యాన్ హరూర్ దాటుతుంది. పాలక్యాన్ల చప్పుడులో కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి...

వడివేలు గొంతు. ఫోన్‌లో. సంబరంగా.

ఏడో నంబర్ తన బండిలోనే ఉందని చెబుతున్నాడు! వ్యాన్ నంబర్ చెబుతున్నాడు. ఎంతసేపట్లో మొరప్పూర్ చేరతాడో చెబుతున్నాడు!

అతను చెడ్డవాడు కాదు. పారిపోయేవాళ్ళు కనబడితే ఈ నంబర్‌కు ఫోన్ చేయండని టీవీలో వారంనుంచీ తిప్పుతున్నారు. చేశాడు.

స్పీడ్ బ్రేకర్ దగ్గర వ్యాన్ నెమ్మదిస్తుంది.

నందిత తలుపు తోసి దూకేస్తుంది!

*

కర్రపెండలం తోటలు. తూర్పున సన్నగా వెలుగు.

పరుగు కాదిది. ఈడ్చుకుంటూ నడక. ఒక సాలు. ఇంకో సాలు. ఇంకో సాలు.

బి. మల్లాపురంలో వాళ్ళ నాన్నకూ ఇలాంటి తోటే ఉంది. తను స్కూల్లో పీటీ టీచర్. పోలీసు సెలక్షన్‌కు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ ఎత్తు ఒక్క సెంటీమీటర్ తక్కువని వెనక్కి పంపారు. టీవీలోనైనా యూనిఫామ్ వేసుకుందామని వచ్చింది. అంతే. అంత చిన్న కోరిక.

నిన్న మధ్యాహ్నం గుర్తుకొస్తుంది. వద్దనుకున్నా వస్తుంది.

ఇంటరాగేషన్ రౌండ్. ఆరుగురికీ తలల మీద నల్ల గుడ్డ సంచులు. చేతులు వెనక్కి కట్టి, మండుటెండలో, కంకర మీద మోకాళ్ళు. ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు ఔట్.

పక్కన జయరామ. మొదట తమిళంలో గొణిగాడు. కాసేపటికి తమిళం పోయింది. తెలుగు వచ్చింది.

"నీళ్ళు... రొంత నీళ్ళియ్యప్పా."

నందితకు వినపడింది. అర్థమైంది. అక్కడ తెలుగు తెలిసింది తనొక్కతే.

నోరు తెరవలేదు.

తెరిస్తే ఔట్.

తర్వాత ఏదో బరువుగా పడిన చప్పుడు. ఎవరినో ఎత్తుకుపోయిన చప్పుడు. సంచి తీసేసరికి పక్కన కంకర ఖాళీగా ఉంది.

నందిత ఆగి వాంతి చేసుకుంటుంది. లోపల ఏమీ లేదు. నీళ్ళే.

మూతి తుడుచుకుని మళ్ళీ నడుస్తుంది.

*

మొరప్పూర్ స్టేషన్. ఆరు దాటింది.

పాసింజర్ కోసం జనం. మూటలు, పూలబుట్టలు, నిద్రమొహాలు. టీ కొట్టు దగ్గర ఒక ఆడమనిషి కనబడిన వాళ్ళందరికీ ఒక ఫోటో చూపిస్తోంది. జుట్టు రేగిపోయి ఉంది. రాత్రంతా ఇక్కడే ఉన్నట్టుంది.

"నిన్న సాయంత్రం ఈడ దిగినాడని టీవీవాళ్ళు చెప్పినారు. మా ఇంటాయన. చూసినారా?"

ఫోటోలో జయరామ. కొత్త చొక్కా. బిగుసుకుని నిలబడి.

నందిత ఆమె వైపు నడుస్తుంది. నాలుగడుగులు... మూడు... రెండు...

హారన్!

స్టేషన్ ముందు క్యాంపు వ్యాన్ కీచుమని ఆగుతుంది. నల్లబట్టల వేటగాళ్ళు దూకుతారు. చెరోపక్క నుంచి ఆమె రెక్కలు పట్టుకుంటారు. వెనకే కెమెరా. వెనకే ముఖేశ్, చేతిలో మైకు.

జనానికి ఒక్క క్షణం అర్థం కాదు. తర్వాత అర్థమవుతుంది.

టీవీ!

ఈలలు. చప్పట్లు. పిల్లల్ని భుజాలకెక్కించుకుంటారు. టీ కొట్టువాడు స్టవ్ వదిలేసి వస్తాడు.

నందిత కేకలు వేయదు. ఎవరు నమ్ముతారని? వేటగాళ్ళకు చేతులు అప్పగించేసి నిలబడుతుంది.

ముఖేశ్ నవ్వుతూనే ఆమె చెవి దగ్గరకు వంగుతాడు. చెన్నై మనిషి. గొంతు పెంచడు. నిన్ను షెడ్డులో చూసిన సంగతి సదాశివం చెప్పాడు అంటాడు. షెడ్డు ఇప్పుడు ఖాళీ అంటాడు. నోరు మూసుకుంటే గెలిచేది నువ్వే, నోరు తెరిస్తే పిచ్చిదని చెప్పి పంపిస్తాం, నిద్రలేక మతి చలించిందని డాక్టర్ కాగితం కూడా ఉంది అంటాడు.

వెనక్కి జరిగి మైకు ఆమె నోటి ముందు పెడతాడు. రాత్రంతా తప్పించుకుని పరిగెత్తిన ఏడో నంబర్ మీతో ఏం చెబుతుందో వినండి అంటాడు జనంతో.

మళ్ళీ చప్పట్లు.

వ్యాన్ డ్రైవర్ సీటులోంచి సదాశివం నెమ్మదిగా దిగుతాడు. దగ్గరకు రాడు. తలుపు పట్టుకుని నిలబడిపోతాడు. ఒక్క రాత్రిలో పదేళ్ళు మీదపడ్డ మనిషిలా ఉన్నాడు.

నందిత జనాన్ని చూడదు. కెమెరాను చూడదు. ఫోటో పట్టుకున్న ఆ మనిషినే చూస్తుంది.

"మారమ్మక్కా."

ఆమె ఉలిక్కిపడుతుంది.

"నేను మల్లాపురం పిల్లనక్కా. జయరామన్నతో క్యాంపులో ఉన్నాను. అన్న ఈడ దిగలేదు. వీళ్ళు చెప్పేది అబద్ధం. అన్న నిన్ననే పోయినాడక్కా. ఎండలో పడి చచ్చిపోయినాడు. రాత్రి కొట్టంలో చూసినాను. ఇది ఆట కాదు."

ముఖేశ్‌కు తెలుగు ముక్క అర్థం కాలేదు. జయరామ పేరొక్కటే వినపడింది. తోటి కంటెస్టెంట్‌ను తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటోంది అనుకున్నాడు. కెమెరామన్‌కు బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇంకా దగ్గరగా తియ్యి అని.

కానీ చప్పట్లు ఆగిపోయాయి. ఈ పక్క పల్లెల్లో సగం ఇళ్ళల్లో తెలుగే.

ముందు వరసలో ఒక రైతు భుజం మీది పిల్లవాణ్ణి దించుతాడు. పూలబుట్ట ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. తెలుగు రానివాళ్ళు పక్కవాళ్ళను అడుగుతారు. పక్కవాళ్ళు తగ్గు గొంతుతో చెబుతారు. ఆ మాట ప్లాట్‌ఫాం పొడవునా పాకుతుంది...

మారమ్మ ఏడవదు. ఫోటోను మడిచి రవికలో పెట్టుకుంటుంది.

"పాపా. నీళ్ళు తాగినాడా?"

నందిత నోరు తెరుస్తుంది. కూలబడిపోతుంది. వేటగాళ్ళు ఆమె చేతులు ఎప్పుడు వదిలేశారో తెలియదు.

"తాగలేదు."

వెనకనుంచి వచ్చింది ఆ మాట.

తెలుగులో!

సదాశివం. వ్యాన్ తలుపు వదిలి ముందుకు వస్తున్నాడు. టోపీ చేతిలో ఉంది.

"మాది హోసూరు పక్కమ్మా. ఇంట్లో తెలుగే. ఆయన నన్ను మూడు తూర్లు అడిగినాడు. బాటిల్ నా చేతిలోనే ఉండె. షాట్ బాగా వస్తా ఉంది, ఇంకొంచెంసేపు ఉండనీ అన్నారు. అర్థం కానోని మాదిరి నిలబడినాను."

నందిత తల ఎత్తుతుంది. పదిహేడు రోజులు ఈ మనిషి తమ తెలుగు మాటలన్నీ విన్నాడు. ఒక్కటి కూడా అర్థం కానట్టు నిలబడ్డాడు. తనలాగే.

"ఆయన ఏడ ఉండాడు?" మారమ్మ అతని ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

సదాశివం వ్యాన్ వైపు చూస్తాడు.

"దాంట్లోనే, వెనక సామాన్ల అరలో. స్టేషన్ అవతల పట్టాల మీద పండబెట్టమన్నారు. రైలు కింద పడినట్టు ఉంటుందని. చీకట్లోనే పోయినాను. రెండు తూర్లు ఎత్తినాను. నా చేత కాలేదు. తాళమేసుకొని వచ్చేసినాను, వీళ్ళకు చెప్పలేదు."

దూరంగా పాసింజర్ కూత వినిపిస్తుంది. ఎవరూ అటు తిరగరు.

ముఖేశ్ మొహంలో నవ్వు ఇంకా ఉంది. అది ఎక్కడ తీసి పెట్టాలో తెలియనట్టు ఉంది. కెప్టెన్ ఏమన్నాడని కెమెరామన్‌ను అడుగుతాడు. కెమెరామన్ భుజాలు ఎగరేస్తాడు. టీ కొట్టువాణ్ణి అడుగుతాడు. అతను చూపు తిప్పుకుంటాడు. వంగి నందితను అడుగుతాడు.

నందిత మారమ్మనే చూస్తుంది.

మారమ్మ చెయ్యి చాపుతుంది.

"తాళం ఇయ్యప్పా."

సదాశివం ఇస్తాడు. ఆమె నడుస్తుంది. ఆమె వెనక రైతు. పూలబుట్ట ఆవిడ. టీ కొట్టువాడు. ఒక్కొక్కరుగా అందరూ. ముఖేశ్ చుట్టూ ఉన్న జనం పలచబడి అటు పోతుంటే, అతను మైకు పట్టుకుని ఒక్కడే నిలబడి, ఏమన్నాడు, ఏమన్నాడు అని అడుగుతూనే ఉన్నాడు.

వ్యాన్ వెనక తలుపు తెరుచుకుంది.

అప్పుడు ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది.