శీలావతులు తేలిన సాయంత్రం

కైకలూరు దాటి కొల్లేటి వైపు వెళ్తే దారికి రెండు పక్కలా చేపల చెరువులే. అందులో ఒకదాని గట్టు మీద, పొద్దు వాలే వేళ, సత్యవేణి నీళ్ల తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. మేత వేసేవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. చెరువులో ఆమె భర్త అబ్బాయిరాజు ఒక్కడే పడవ మీద మందు చల్లుతున్నాడు.

చెరువులోని శీలావతి చేపలకు పేను పట్టింది. పేనంటే తలలో పేను కాదు. చేప ఒంటిని కరుచుకుని రక్తం పీల్చే చిన్న పురుగు. దానికి వరిచేలో కొట్టే మందే తెచ్చి, పడవలో నీళ్లు నింపి కలుపుతారు. ఆ నీళ్లలోనే నిలబడి మగ్గుతో చిమ్ముకుంటూ పోతారు. అంతకు ముందు నాలుగు చేపల్ని మందు కలిపిన తొట్టిలో వేసి, మర్నాటిదాకా చూడాలి.

“మధ్యాహ్నం నుంచీ చూస్తున్నావుగా, హాయిగా ఈదుతున్నాయి. నీదంతా చాదస్తమే!” అని ఇందాక నవ్వి ఆయన పడవెక్కాడు.

ఇప్పుడు తొట్టిలో చేపలు ఒక పక్కకు ఒరిగిపోయి గిరగిరా తిరుగుతున్నాయి. ఈ మందు మొదట నరాలను పడుతుంది. మొప్పలకు జిగురు కమ్ముతుంది. చుట్టూ నీళ్లున్నా ఊపిరాడదు.

మరి ఆ మందునీళ్లలో పాదాలు ముంచి నిలబడ్డ మనిషికో?

“ఏవండీ! చాలు, వచ్చేయండీ!”

“తల తిరుగుతోందే వేణీ...” మాట ముద్దగా వచ్చింది. “కళ్లు మసకలు కమ్ముతున్నాయి. ఒడ్డు ఎటో తెలీట్లేదు. పిలుస్తూ ఉండు... నీ గొంతు పట్టుకుని వస్తా.”

ఇంకో పడవ లేదు. ఆమె పిలుస్తూనే ఉంది. పడవ మెల్లగా ఇటు తిరిగింది. నీచు వాసనలో మందు ఘాటు... నీళ్ల మీద పల్చగా మంచు.

అప్పుడు చేపలు తేలాయి. ఒకటి... పది... చెరువు నిండా. గాలి కోసం నోళ్లు తెరుస్తూ, మూస్తూ.

చప్... చప్... చప్...

అన్నీ ఆమె వైపే తిరిగి ఉన్నాయి.

ఆమె పిలిచినప్పుడల్లా ఆ నోళ్లన్నీ ఒక్కసారే తెరుచుకుంటున్నాయి. పిలుపు ఆగగానే మూసుకుంటున్నాయి, మింగినట్టు. ఒక్కో పిలుపుకూ ఆమె గొంతు సన్నబడిపోతోంది. కానీ ఎలా ఆపుతుంది? ఆపితే ఆయనకు ఒడ్డు దొరకదు.

పడవ దగ్గరకొచ్చింది. గెడతో ఇంకో రెండు పోట్లు పొడిస్తే ఒడ్డే.

“ఏవండీ... ఇటండీ... ఇటు రండీ...”

చెరువు నడిమధ్య నుంచి. మెత్తగా. అచ్చం సత్యవేణి గొంతు.

“అటున్నావా? వస్తున్నానే...” అంటూ అబ్బాయిరాజు పడవ వెనక్కి తిప్పాడు.

సత్యవేణి అరవబోయింది. నోరు తెరిచింది. శబ్దం రాలేదు.

మూసింది... మళ్లీ తెరిచింది...